రౌతుకిచ్చే కానుక గుర్రానికీ నప్పాలి



మేళ్లచెరువు శివరాత్రి జాతర మీలో చాలామంది చూసే ఉంటారు. శంభులింగేశ్వరస్వామి దర్శనం అయినవాళ్లు తిన్నగా ఇంటికి పోరు, ఎడ్ల పందేల దగ్గరికి పోతారు. బండలాగే ఒంగోలు గిత్తల జతను తోలుకొచ్చిన రైతుకు ఏం కానుక ఇవ్వాలో ఈ ప్రాంతంలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. గిత్త మెడకు మువ్వల పట్టెడో, ఒక బస్తా ఉలవలో ఇస్తారు. పంచెల చాపు పెట్టినప్పటి కంటే ఆ రైతు అప్పుడే ఎక్కువ మురుస్తాడు. ఆయన ప్రాణమంతా ఆ జత మీదే ఉంటుందని మనకు తెలుసు.

గుర్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లు తికమకపడుతున్నారు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టుపక్కల పశువుల దవాఖానల్లో పనిచేసినవాణ్ని కాబట్టి నన్ను అడుగుతుంటారు. "మా పాప హైదరాబాదులో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది డాక్టరుగారూ, పుట్టినరోజుకు ఏం కొనమంటారు?" అని ఒకరు. "మా బావమరిది కొడుకు ఐపీఎస్‌కు ఎంపికయ్యాడు, అకాడమీలో గుర్రం ఎక్కాలట, ఏం పంపిద్దాం?" అని ఇంకొకరు. ఇంట్లో పెళ్లికి గుర్రాన్ని తెచ్చినాయనకు డబ్బులతో పాటు ఏదైనా ఇవ్వాలని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అడిగిన ఆ కొద్దిమందికి నేను దండం పెడతాను.

నేను చెప్పే మాట ఒక్కటే. రౌతు ఒంటి మీద ఉండే వస్తువైతే రౌతును కొలిచి కొనండి. గుర్రం ఒంటి మీద ఉండే వస్తువైతే ఆ గుర్రాన్ని కొలవనిదే కొనకండి. ముందు చెప్పకుండా ఇచ్చి ఆశ్చర్యపరచాలన్న సరదా ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టాలి.

ముందు రౌతు సంగతి చూద్దాం. స్వారీ నేర్చుకునే పిల్లకు ఇవ్వదగ్గ మొదటి కానుక హెల్మెట్. ఇంట్లో బైకు హెల్మెట్ ఉంది కదా, దాన్నే పెట్టుకోమందాం అంటారు. అది వేరు, ఇది వేరు. బైకు హెల్మెట్ బరువు, చెవులను మూసేస్తుంది. గుర్రం మీద కూర్చున్నప్పుడు పక్కనున్న గురువు మాట వినపడాలి, గుర్రం ముక్కు చీదినా వినపడాలి. స్వారీ హెల్మెట్ తేలికగా ఉంటుంది, తల వెనక భాగాన్ని కూడా పట్టుకుని ఉంటుంది. కొనేటప్పుడు లోపల అంటించిన చీటీ చూడండి. ఐరోపా ప్రమాణమైతే ఈఎన్ 1384 అని, అమెరికా ప్రమాణమైతే ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 అని ఉంటుంది. అలాంటిదేమీ లేకుండా పైన నల్ల మఖ్మలు గుడ్డ మాత్రం మెరుస్తుంటే అది అలంకారానికే పనికొస్తుంది, తలను కాపాడదు.

కొలత తీసుకోవడం తేలిక. కనుబొమలకు వేలెడు పైన, తల వెనక ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. ఆ సెంటీమీటర్ల లెక్కే హెల్మెట్ సైజు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొంటాం చూశారూ, స్కూలు యూనిఫారానికి అది సరిపోతుంది. వదులు హెల్మెట్ పడేటప్పుడే పక్కకు జరిగిపోతుంది. ఇంకో సంగతి. ఒకసారి కిందపడి తల నేలకు తగిలిందంటే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పైకి గీత కూడా కనపడకపోవచ్చు, లోపలి నురుగు పొర నలిగిపోయి ఉంటుంది. అందుకే వాడిన హెల్మెట్ ఎవరిస్తున్నా తీసుకోకండి, ఎవరికీ ఇవ్వకండి.

తర్వాత చేతి తొడుగులు. పగ్గం చేతిలో ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య నుంచి లోపలికి వచ్చి, చూపుడు వేలి మీదుగా పైకి పోతుంది, దాన్ని బొటనవేలు అదిమి పట్టుకుంటుంది. రాపిడంతా చిటికెన వేలి పక్కనే. మంచి తొడుగుకు సరిగ్గా అక్కడ రెండో పొర కుట్టి ఉంటుంది. అంగట్లో చేతిలోకి తీసుకుని ఆ చోటు చూసి కొనండి. మన ఎండలకు తోలు తొడుగుల కంటే గాలి ఆడే పలుచని గుడ్డవి నయం.

బూట్లకు మడమ ఉండి తీరాలి, అరంగుళం నుంచి అంగుళం దాకా. అడుగు భాగం నున్నగా ఉండాలి. మడమ లేని స్పోర్ట్స్ షూతో ఎక్కితే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పడినప్పుడు పాదం అందులో చిక్కుకుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. స్వారీ ప్రమాదాల్లో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. కాబట్టి ఖరీదైన పొడుగు బూట్లు కొనలేకపోయినా ఫర్వాలేదు, మడమ ఉన్న పొట్టి బూటు చాలు. దానికి పైన పిక్కల చుట్టూ కట్టుకునే తోలు పట్టీలు తోడైతే పొడుగు బూటుతో సమానం.

ఐపీఎస్‌కు ఎంపికైన కుర్రవాడి సంగతి వేరు. హైదరాబాదు శివరాంపల్లిలో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఉంది. అక్కడి శిక్షణలో గుర్రపు స్వారీ ఒక భాగం. మన పల్లెల నుంచి పోయిన పిల్లల్లో చాలామంది జీవితంలో మొదటిసారి గుర్రాన్ని తాకేది అక్కడే. స్వారీ దుస్తుల సంగతి అకాడమీ నియమాల ప్రకారం జరిగిపోతుంది, మీరు కొని పంపనక్కర్లేదు. మొదటి నెలలో తొడల లోపలివైపు చర్మం ఒరుసుకుపోయి మండుతుంది. ఆ సంగతి అతను ఇంట్లో చెప్పుకోడు. లోపలివైపు కుట్టు లేని లోదుస్తులు నాలుగు జతలు, ఒక వాజలిన్ డబ్బా కలిపి పంపండి. ఫొటో ఫ్రేములకూ శాలువాలకూ ఇంకా బోలెడు టైముంది. ఇంటర్, డిగ్రీ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగం ఉంది, అందులో చేరినవాళ్లకు స్వారీ నేర్పుతారు. స్వారీ ధనవంతుల పిల్లలకే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక గుర్రం ఒంటి మీద ఉండేవి. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

పెళ్లిళ్ల గుర్రాలను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? జరీ బట్ట తీసేశాక చూడండి. ఎర్రటి గుర్రమో నల్లటి గుర్రమో అయితే మెడ వెనక మూపు మీద, రెండు పక్కలా, రూపాయి బిళ్లంత తెల్ల వెంట్రుకల మచ్చలు కనపడతాయి. అవి పుట్టుమచ్చలనుకుంటారు. చాలాసార్లు అవి పాత పుండ్ల గుర్తులు. జీను ఒకే చోట నొక్కి నొక్కి చర్మం చెడి, మానాక అక్కడ వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. సరిపడని జీనుతో ఆ గుర్రం ఎన్ని బారాత్‌లు తిరిగిందో ఆ మచ్చలే చెబుతాయి.

జీను బరువు వెన్నుపూస మీద పడకూడదు. దానికి రెండు పక్కల ఉన్న కండ మీద సమానంగా పడాలి, మధ్యలో గాలి ఆడే సందు ఉండాలి. ఒక గుర్రం వీపు కత్తి అంచులా ఉంటుంది, ఇంకోదాని వీపు బల్లలా ఉంటుంది. అదే గుర్రం ఎండాకాలం మేత లేక చిక్కితే నిరుడు సరిపోయిన జీను ఈ ఏడు సరిపోదు. కాన్పూరు జీనులు తయారుచేయడంలో పేరున్న ఊరు, అక్కడివి విదేశాలకు కూడా పోతాయి. అంత మంచి జీను అయినా వీపు చూడకుండా కొంటే గుర్రానికి శిక్షే. కాబట్టి బంధువులు జీను కొనిస్తామంటే వద్దనండి. డబ్బు ఇచ్చి, స్వారీ నేర్పేవాళ్లను వెంటబెట్టుకుని, గుర్రం వీపు మీద పెట్టి చూసి కొనుక్కోమనండి.

కళ్లెం కూడా అంతే. గుర్రం నోట్లో ముందరి పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు ఉంటుంది. ఇనుము ఆనేది ఆ చిగురు మీదే. అక్కడి చర్మం మన పెదవి లోపలి చర్మమంత పలచన. ఇనుము వెడల్పు తక్కువైతే మూతి కొసలు నలుగుతాయి, ఎక్కువైతే అటూ ఇటూ జరిగి కొడుతుంది. ముక్కు మీద కట్టే పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికి ముక్కే దిక్కు. ముళ్ల కమ్మీలున్న కళ్లేలు కొన్ని పెళ్లి గుర్రాలకు, బండి గుర్రాలకు వేస్తారు. జంతువులపై హింస నిరోధానికి 1965లో వచ్చిన బండిలాగే, బరువుమోసే జంతువుల నియమాల ప్రకారం అలాంటి కళ్లెం వాడటం నేరం. మీకు తెలిసిన గుర్రపాయన దగ్గర అది కనపడితే తిట్టకండి, నున్నటి కళ్లెం ఒకటి కొలతకు చేయించి ఇచ్చి, పాతది అడిగి తీసుకోండి. నాకు తెలిసి అంతకన్నా విలువైన కానుక లేదు.

మన నేలకు గుర్రం కొత్తదేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో కాయస్థ గంగయ సాహిణి అశ్వదళాన్ని నడిపి, మన పానగల్లు నుంచి కడప వైపు మార్జవాడ దాకా ఏలాడు. పానగల్లంటే నల్లగొండ పక్కనే. నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది, రుద్రమదేవి శివసాయుజ్యం పొందిన సంగతి చెప్పేది అదే. గుర్రమెక్కి సైన్యాన్ని నడిపిందని మన జనం తరతరాలుగా చెప్పుకునే రాణి చివరి ఆనవాలు మన పాత నల్లగొండ జిల్లాలోనే దొరికింది. ఆ కాలంలో రాజులు సేనానులకు ఇచ్చిన కానుకల్లో గుర్రానిది పెద్ద స్థానం, ఎందుకంటే మన వాతావరణంలో మంచి గుర్రాలు పుట్టి పెరగడం కష్టం, అరబ్బు దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే.

మోటుపల్లి పేరుతో ఈ కాకతీయ రాజ్యాన్ని గురించి రాసిన యాత్రికుడు మార్కోపోలో, దక్షిణాన పాండ్య దేశపు గుర్రాల గురించి కూడా ఒక విషయం రాశాడు. ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి అందులో చాలా భాగం చచ్చిపోతాయట. కారణం, వాటికి ఉడికిన అన్నం, మాంసం పెడతారు, చూసుకోవడం ఎవరికీ రాదు. గుర్రాలు అమ్మే వర్తకులు నాడాలు కొట్టేవాళ్లను మాత్రం వెంట రానివ్వరట. గుర్రాలు ఎన్ని చస్తే వాళ్లకు అంత బేరం. ఇది చదివినప్పుడల్లా నాకు మన పెళ్లి విందులు గుర్తొస్తాయి. మిగిలిన పులిహోర, బిర్యానీ, బూరెలు గుర్రం ముందు కుప్పగా పోసి, మూగజీవానికి పెట్టామని తృప్తి పడతాం. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పులిస్తే లోపలే ఉబ్బి కడుపునొప్పితో నేల మీద దొర్లుతుంది, ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. బతికినా గిట్టల లోపల వాపు వచ్చి నెలల తరబడి కుంటుతుంది. ఏడు వందల ఏళ్ల కిందట ఆ పరదేశి చూసిన తప్పును మనం చేతులారా చేయొద్దు.

తినడానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే పచ్చగడ్డి మోపు ఇవ్వండి. క్యారెట్ ఇస్తే నిలువుగా చీల్చి ఇవ్వండి, గుండ్రంగా కోసిన ముక్క గొంతులో అడ్డుపడుతుంది. నిమ్మకాయంత బెల్లం ఇవ్వొచ్చు, అంతకు మించొద్దు. ఉలవలు బస్తా ఇస్తే మంచిదే, అయితే ఉడికించి, ఎండుగడ్డితో కలిపి, కొద్దికొద్దిగా పెట్టమని చెప్పండి. రాతి ఉప్పు గడ్డ చాలా మంచిది. చెమట రూపంలో గుర్రం పోగొట్టుకునే ఉప్పు మనిషి కంటే ఎంతో ఎక్కువ, మన మే నెలలో మరీను.

నాడాలు కొట్టేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పనిముట్టు గురించి చెప్పాలి. గిట్టలు శుభ్రం చేసే కొక్కెం. అరచేతిలో ఇమిడేంత ఇనుప వంకీ, వెనక చిన్న బ్రష్షు. స్వారీ చేసే ఎవరికైనా ఇవ్వొచ్చు, సైజు గొడవ లేదు. కోదాడలో ఒకసారి కుంటుతున్న పెళ్లి గుర్రాన్ని చూశాను. "పొద్దుట్నించి కాలు ఎత్తి పెడుతోంది సారూ, మోకాలు పోయిందేమో" అన్నాడు దాన్ని తెచ్చినాయన. "మోకాలు తర్వాత చూద్దాం అన్నా, ముందు కాలెత్తు" అన్నాను. గిట్ట అడుగున మూడు కోణాల మెత్తటి భాగం ఉంటుంది, దానికి రెండు పక్కలా లోతైన సందులు. ఒక సందులో కంకర రాయి బిగుసుకుపోయి ఉంది, దాని చుట్టూ నల్లగా చీకి, ముక్కు మూసుకునే వాసన. కొక్కెం లేదు, స్క్రూడ్రైవరుతో తీయబోతుంటే అతనే నా చెయ్యి పట్టుకుని, "మెల్లగ సారూ, దానికి నొప్పి" అన్నాడు. ఆ రాయి పడ్డ చప్పుడుకు గుర్రం తల దించి ఊపిరి వదిలింది. ఆయనకు గుర్రం మీద ప్రేమ లేక కాదు, పనిముట్టు లేక వచ్చిన తిప్పలది. కొక్కెం మడమ వైపు నుంచి కొన వైపుకు లాగాలి, ఎదురు లాగితే మెత్తటి భాగానికి గుచ్చుకుంటుంది. స్వారీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

గుర్రం గిట్టలు మన గోళ్లలా పెరుగుతూనే ఉంటాయి. 6 నుంచి 8 వారాలకొకసారి చెక్కించాలి, నాడాలు తీసి మళ్లీ కొట్టించాలి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో గుర్రపాయనకు ఆ ఖర్చు బరువవుతుంది. ఆ ఒక్కసారి నాడాల ఖర్చు మీరు పెట్టుకోవచ్చు. ఏడాదికి ఒకసారి ధనుర్వాతం టీకా వేయించడం కూడా అలాంటిదే. వీధుల్లో మేకుల మీద నడిచే గుర్రానికి ఆ జబ్బు తొందరగా పట్టుకుంటుంది, పట్టుకుంటే బతకడం కష్టం. మీ మండలంలోని పశువుల డాక్టరును అడగండి, దారి చెబుతారు.

స్వారీ బళ్లలో నేర్చుకునే పిల్లలకు సొంత గుర్రం ఉండదు, ఏ గుర్రం ఇస్తే ఆ గుర్రం ఎక్కాలి. వాళ్లకు సొంతంగా ఒక రబ్బరు దువ్వెన, మెత్తటి బ్రష్షు, ముఖం తుడిచే నూలు గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. ఒకే బ్రష్షు పది గుర్రాలకు వాడితే తామర ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. ఈగ వాలితే ఆ చోట చర్మాన్ని మాత్రమే అదిలించగల జంతువు గుర్రం, అంత సున్నితం. ఆ ఒంటిని గుండ్రంగా తిప్పుతూ దువ్వడం నేర్చుకున్న పిల్లకు స్వారీ సగం వచ్చినట్టే. కొరడా, మడమ ముల్లు మాత్రం నేర్చుకునేవాళ్లకు ఎవరూ కానుకగా ఇవ్వొద్దని నా మాటగా చెబుతున్నాను.

మలక్‌పేట రేసు మైదానం సంగతి రెండు ముక్కలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుంచి అక్కడికి మార్పించాడు. మీ బంధువుల్లో ఎవరైనా అక్కడ జాకీగా ఉంటే పండక్కి అరిసెల డబ్బా పట్టుకుని పోకండి. జాకీలు 50 కిలోల చుట్టుపక్కల బరువు నిలుపుకోవడానికి నోరు కట్టుకుని బతుకుతారు, ఇంటి నుంచి వచ్చిన అరిసెలను చూసి తినకుండా ఉండటం పెద్ద బాధ. మంచి కళ్లద్దాలు ఇవ్వండి. ముందు పరుగెత్తే గుర్రాల డెక్కలు ఎగజిమ్మే మట్టి కళ్లలో పడకుండా కాపాడేవి అవే. పాడేరు ఏజెన్సీ కొండల్లో రోడ్డు లేని గూడేలకు సంత సరుకులు చేరవేసే పొట్టి గుర్రాలున్నాయి. అక్కడివాళ్లకైతే బరువు కింద వేసే మందపాటి మెత్త కంటే గొప్ప కానుక ఏదీ లేదు.

చివరికి మన పెళ్లి గుర్రం. వైశాఖంలో, జ్యేష్ఠంలో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ 1965 నియమాలే ఇంకో మాట కూడా చెబుతాయి. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బరువు మోయించకూడదు, రోజుకు 9 గంటలు మించకూడదు, 5 గంటలకు మించి వరసగా పనిచేయించకూడదు. కాబట్టి గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడే, అడ్వాన్సు చేతిలో పెట్టేటప్పుడే నాలుగు సంగతులు తేల్చుకోండి. ఊరేగింపు పొద్దు వాలాకే. విడిది దగ్గర నీడ, రెండు బిందెలు కాదు, పెద్ద గాబు నిండా నీళ్లు. గుర్రం రోజుకు 30, 40 లీటర్లు తాగుతుంది. జరీ బట్ట కింద వేయడానికి మెత్తటి నూలు గుడ్డ మీరే కొని ఇవ్వండి, ఊరేగింపు అయ్యాక అది ఆయనకే ఉంచేయండి. డీజే పెట్టెలు గుర్రానికి ఎదురుగా కాకుండా బాగా వెనక రావాలి, టపాసులు అసలు వద్దు. పెళ్లికొడుకుతో పాటు ఇద్దరు చిన్నపిల్లలను ఎక్కించడం కూడా మానుకోండి. గుర్రం తెచ్చినాయన ఇవన్నీ తనంతట తాను అడగడు, అడిగితే బేరం పోతుందని భయం. మీరే అడగండి. వీలైతే ఆ రాత్రి ఆయనకు కూడా అందరితో పాటు పంక్తిలో విస్తరి వేయండి.